మావారూ, లేత్ మిషనూ

పెళ్ళిచూపులనాడు మావారికి పాత పాటలంటే ఇష్టమనీ, కాఫీ తప్ప మరో అలవాటు లేదనీ చెప్పారు. లేత్ మిషను సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అప్పటికి వాళ్ళకీ తెలియదు, పాపం. ఆటలమ్మ కొందరికి చిన్నప్పుడే పోస్తుంది, కొందరికి నడివయసులో పోస్తుంది. నడివయసులో పోస్తే మరి దాని తడాఖాయే వేరు. మావారికి ఇనుము పిచ్చి అలా నలభై నాలుగో ఏట పట్టుకుంది.

2016లో ఒక ఆదివారం, బాలానగర్‌లో ఎవరిదో చిన్న వర్క్‌షాపు మూసేస్తూ సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసి, "ఊరికే చూసొస్తాను" అని బయల్దేరారు. చీరల కొట్టుకి ఊరికే చూసొస్తామని వెళ్ళే ఆడవాళ్ళ మీద లోకంలో ఎన్ని హాస్యోక్తులున్నాయో మీకు తెలుసు. చూసొస్తానని వెళ్ళి నాలుగు వందల కిలోల ఇనుము తెచ్చే మగవాళ్ళ మీద మాత్రం ఒక్కటీ లేదు. చీరయితే మడతపెట్టి బీరువాలో పడేస్తాం. ఇది ట్రాలీ మీద వచ్చింది. దించడానికి ఆరుగురు మనుషులు, గొలుసు కప్పీ, రెండు కొబ్బరి దుంగలు కావలసి వచ్చాయి. పెరట్లో నా కరివేపాకు చెట్టు పక్కనున్న స్కూటరు షెడ్డు దానికి విడిదయింది. పంజాబులో బటాలా అనే ఊరుంది, లేత్ మిషన్లకి పేరుబడ్డ ఊరు. ఇది ఆ ఊరి పిల్లట. నాలుగున్నర అడుగులట. లేత్‌ని పొడుగుని బట్టి కొలుస్తారని అప్పుడే నాకు తెలిసింది. "వయసెంత?" అన్నాను. "ముప్ఫై దాటి ఉంటుంది. కానీ ఒళ్ళు గట్టిది" అన్నారు మావారు మురిసిపోతూ. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి అంత మురిసిపోయినట్టు నాకు జ్ఞాపకం లేదు.

లేత్ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కుమ్మరి సారెని ఒక పక్కకి పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. దాని మీద మట్టిముద్దకి బదులు, ఇనపకడ్డీని మూడు దవడలతో కరిచి పట్టుకునే చక్రం ఉంటుంది. దాన్ని చక్ అంటారు. అది గిర్రున తిరుగుతుంటే, కుమ్మరి చేతికి బదులు ఒక పదునైన ఉలి వచ్చి ఆనుతుంది. గట్టి ఇనుము కూడా బీరకాయ చెక్కు తీసినట్టు ఊడి చుట్టలు చుట్టుకుంటుంది. తెలుగులో దీనికి తరిమెన అని చక్కని మాట ఉంది. మా అమ్మమ్మగారింట్లో పట్టెమంచం కోళ్ళు తరిమెన పట్టినవే. ఏటికొప్పాక లక్కబొమ్మలూ, భరిణెలూ అంకుడు కర్రని తరిమెన పట్టి చేసేవే. అంత అందమైన మాట ఉండగా లేత్ అనడం ఎందుకని నేనంటే, "ఆ మాట చెబితే రాణీగంజ్‌లో స్క్రూ కూడా అమ్మరు" అన్నారు మావారు. నిజమే కాబోలు.

ఆ సికింద్రాబాదు రాణీగంజ్ మావారికి కాశీ, రామేశ్వరం కూడాను. శనివారం మధ్యాహ్నం వెళితే చీకటిపడ్డాకే రాక. ఓసారి చిలుము పట్టిన ఇనప చక్రమొకటి పేపర్లో చుట్టి తెచ్చి, దేవుడి పటం విప్పినట్టు విప్పారు. దాని మీద "ప్రాగా" అని ఉంది. 1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ వాళ్ళ చక్ అట. "మన ఊళ్ళో పుట్టిన వస్తువు!" అని కిరసనాయిలు పోసి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రెండు రోజులు తోమారు. ఆ బ్రష్షు ఎవరిదని అడక్కండి.

బ్యాంకులో పొద్దస్తమానం ఒకరి డబ్బు ఇంకొకరికి లెక్కపెట్టే మనిషికి ఇంటికొచ్చాక ఇనుముతో ఏం పని అనిపించేది నాకు. ఒకరోజు నేను వంటింట్లో ఉంటే వెనకాల వచ్చి నిలబడి "కదలకు" అన్నారు. పదిహేడేళ్ళ కాపురంలో అంత మృదువుగా ఎప్పుడూ అనలేదు. కదలకుండా నిలబడ్డాను. చురుక్కుమంది. నా తలలో వెంట్రుక ఒకటి పీకి మైక్రోమీటరులో పెట్టి చూస్తున్నారు. "ఏడు!" అన్నారు. మిల్లీమీటరుని నూరు పాళ్ళు చేస్తే అందులో ఏడు పాళ్ళట నా వెంట్రుక. "నేను ఒక్క పాలు తేడా రాకుండా కోస్తున్నాను తెలుసా?" అన్నారు. ఆ వెంట్రుక నల్లదో తెల్లదో మాత్రం ఆయన చూడలేదు. నేను చూశాను.

ఇక ఇంట్లోంచి మాయమైన వస్తువుల సంగతి. ఇనుము మీద గీసిన గీత కళ్ళకి ఆనాలంటే మైలుతుత్తం నీళ్ళు పూస్తారు. ఇనుము మీద సన్నగా రాగి పూత పడుతుంది, దాని మీద సూదిమొనతో గీస్తే గీత తళుక్కుమంటుంది. చూడ్డానికి బావుంటుంది, కాదనను. కానీ ఆ మైలుతుత్తం కలిపింది నా కొత్త స్టీలు గిన్నెలో. మైలుతుత్తం విషం గదా! ఆ గిన్నెని వంటింటి గడప తొక్కకుండా వెలివేశాను. ఇనప రజను సంగతి సరేసరి. చెప్పులకంటుకుని పడగ్గది దాకా వస్తుంది. తెల్లవారుజామున పాలప్యాకెట్టుకోసం చెప్పుల్లేకుండా నడిస్తే మీకే తెలుస్తుంది.

ఆర్నెల్లు ఇలా గడిచాక తొలి కాన్పు అయింది. అరచేతిలో పట్టే ఆవిరి యంత్రం. ఇత్తడి చక్రం, చిన్న సిలిండరు, అందులో పిస్టను. ఆవిరికి బదులు సైకిలు పంపుతో గాలి కొడితే టకటకమంటూ తిరిగింది. ఆయన కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. వరండాలో కూర్చున్న మా అత్తగారి దగ్గరకి పట్టుకెళ్ళి చూపించారు.

"ఏం చేస్తుందిరా ఇది?"

"తిరుగుతుందమ్మా."

"తిరిగి?"

"తిరుగుతుందంతే."

ఆవిడ కాసేపు దానివంక చూసి, "ఆర్నెల్లు పట్టిందా?" అని మాత్రం అని, జపమాల తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ బాధ చూడలేక కాదుగానీ, నాకు కూడా ఒకటి అనాలనిపించి, బి.ఏ.లో చదువుకున్న ఫ్రెంచి చరిత్ర విప్పాను. పదహారో లూయీ మహారాజుకి వెర్సాయి కోటలో సొంత కమ్మరికొట్టు ఉండేది. రాజ్యం వదిలేసి తాళాలు, తాళంచెవులు చేసుకునేవాడు. గమే అనే తాళాలవాడు ఆయనకి ఆ పనిలో గురువు. రాణి మేరీ ఆంత్వానెత్ 1775లో ఒక ఉత్తరంలో, కొలిమి పక్కన నేనేం బావుంటాను అని దెప్పుకుంది కూడా. తర్వాత విప్లవం వచ్చినప్పుడు రహస్య కాగితాలు దాచుకునేందుకు గోడలో ఇనప అలమారా చేయించుకుంటే, ఆ గురువుగారే 1792 నవంబరులో వెళ్ళి దాని ఆచూకీ చెప్పేశాడు. 1793 జనవరిలో రాజుగారి తల తెగింది. "కాబట్టి ఇనుముతో సరదాలు అచ్చిరావు" అన్నాను. మావారు శ్రద్ధగా విని, "ఆ అలమారా తలుపు బావా బిగిసిందా?" అని అడిగారు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం చెప్పండి.

నాకిదంతా నవ్వులాటే. మా అత్తగారికి కాదు.

మా మామగారు టర్నరు. ఒక పెద్ద కార్ఖానాలో 1963 నుంచి పదకొండేళ్ళు లేత్ ముందు నిలబడ్డారు. ఆ జీతం రాళ్ళతోనే చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. 1974లో ఆయన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు సగానికి పోయాయి. ఆ తర్వాత అదే కార్ఖానాలో సామాన్లగదిలో వేశారు. రిటైరయ్యేదాకా, అంటే ఇరవైనాలుగేళ్ళు, వచ్చినవాళ్ళకి పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడమే ఆయన పని. మా పెళ్ళిలో ఆ సగం వేళ్ళతోనే మాకు అక్షింతలు వేశారు. వేళ్ళెలా పోయాయంటే "మిషనులో పడ్డాయి" అనేవారు, అంతకుమించి మాట లేదు. ఇంటికొచ్చాక గోడకి మేకు కొట్టమన్నా కొట్టేవారు కాదట. కొడుకుని బి.కాం. చదివించి, బ్యాంకు పరీక్షలు రాయించి, ఆర్డరు కాగితం వచ్చిననాడు మాత్రం స్వయంగా వెళ్ళి మిఠాయి పొట్లం తెచ్చారట. 2009లో కాలం చేశారు.

తండ్రి తప్పించుకొమ్మన్న పనిని కొడుకు ప్రావిడెంటు ఫండు లోనుపెట్టి మరీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఎనిమిది గంటలు నిలబడి తీరాలంటే అది కూలి, నిలబడాలనిపించినప్పుడు నిలబడితే అది సరదా. మనకి తేడా తెలుస్తుంది, తిరిగే చక్రానికి తెలియదు. అత్తగారు ఈ మాటలేవీ అనలేదు. షెడ్డులో మోటారు చప్పుడు మొదలవగానే లేచి దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చునేది. ఆరేళ్ళపాటు పెరట్లో తులసికోట దాకా వచ్చింది తప్ప, షెడ్డు గుమ్మం తొక్కలేదు.

ఈలోగా మా కాలనీకి ఉచిత ఫిట్టరు దొరికాడు. "వదినగారూ, అన్నయ్యగారు ఖాళీయేనా?" అంటూ విరిగిన గేటు గడియలూ, చిత్తయిన కుళాయి మరలూ పట్టుకొచ్చేవారు. ఎదురింటావిడ ఒకసారి ప్రెషరు కుక్కరు మూత తెచ్చింది. దాని వెయిటు పోయిందిట, అలాంటిదే ఒకటి తరిమెన పట్టి ఇమ్మంది. అన్నిటికీ తలూపే మనిషి దీనికి మాత్రం ససేమిరా అన్నారు. ఆవిడ వెళ్ళాక నాకు చెప్పారు. ఆ వెయిటు ఉత్త మూత కాదు, అదొక తూనికరాయి. లోపలి ఆవిరి చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున ఒత్తిడి తెచ్చేసరికి వెయిటుని ఎత్తి బుస్సుమని బయటికి వస్తుంది. బరువు తక్కువైతే పప్పు ఉడకదు, ఎక్కువైతే ఆవిరి లోపలే పెరుగుతుంది. ఆపైన మనల్ని కాపాడాల్సింది మూతకుండే సేఫ్టీ వాల్వు ఒక్కటే. అందులో ఉండే మెత్తటి లోహం వేడికి కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అదీ పాతబడి ఉంటే? "ఆ కంపెనీ వెయిటే కొనుక్కోమను" అన్నారు. ఎదురింటావిడ మూడు నెలలు మాట్లాడలేదు. మావారి మీద నాకు గౌరవం పెరిగిన సందర్భాల్లో అదొకటి. ఎక్కువ లేవు లెండి.

2022 దీపావళికి ఇంటికి సున్నాలు వేయించినప్పుడు సామాన్లన్నీ తారుమారై, అత్తగారి జంతికల గొట్టంలో బిళ్ళ పోయింది. చుక్క ఆకారంలో బెజ్జమున్న బిళ్ళ. ఆ ఇత్తడి గొట్టం ఆవిడ కాపురానికొచ్చినప్పుడు సారెలో తెచ్చుకున్నది. నేను బేగంబజారంతా తిరిగి అయిదు బిళ్ళలు తెచ్చాను. ఒకటి పట్టలేదు, నాలుగు కిందకి జారిపోయాయి. ఎవరో కంచరి చేత్తో చేసిన గొట్టం, దాని కొలత దానిదే. కొత్త గొట్టం కొందామంటే ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే అనడం.

వారం రోజుల తర్వాత, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తలెత్తకుండా అంది. "అమ్మాయ్, వాడా షెడ్డులో ఏమేమో చేస్తుంటాడు గదా. బిళ్ళ చెయ్యడం వచ్చునేమో అడుగు."

ఆరేళ్ళలో షెడ్డు ఊసెత్తడం అదే మొదలు. నేను చెప్పగానే మావారు కంచం ముందునుంచి లేచిపోయారు.

అసలు తొందరే కొంప ముంచింది. రాణీగంజ్ నుంచి ఇత్తడి పలక తెచ్చి, చతురంగా కోసి, చేత్తో పట్టుకుని డ్రిల్లు కింద పెట్టారు. ఇత్తడి మెత్తనిది, దానితో ఏం భయమని మనమనుకుంటాం. ఇనుముకి వాడే డ్రిల్లు బిట్టు ఇత్తడిలోకి దిగితే తొలవడం మానేసి, మరసీలలాగా తనంతట తనే లోపలికి లాక్కుపోతుందట. అవతలివైపు తేలే క్షణంలో పలకని కరిచి పట్టుకుని ఫ్యానురెక్కలా తిప్పింది. పలక మూల వచ్చి ఆయన ఎడమచేతి బొటనవేలి మొదట్లో కోసింది. నాలుగు కుట్లు. బిట్టు అంచుని కాస్త మొద్దు చెయ్యాలనీ, పలకని బిగించి పెట్టాలిగానీ చేత్తో పట్టుకోకూడదనీ తర్వాత పాఠం విన్నాం. పాఠాలెప్పుడూ తర్వాతే వింటాం.

ఆ సాయంత్రం కట్టుతో ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలోనే ఉంది. కట్టువంక చూసింది. ఏమీ అడగలేదు. తల్లిని సముదాయించాలని మావారు, "ఏం ఫరవాలేదమ్మా. చేతితొడుగులు కొనుక్కున్నాను, ఇకనుంచి అవి వేసుకునే చేస్తాను" అన్నారు.

"వేసుకోకు" అంది ఆవిడ.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మీ నాన్నకీ అంతే. వేడి ఇనప పొట్టు పడి చేతులు బొబ్బలెక్కేవి. రాత్రిళ్ళు అన్నం కలుపుకోలేకపోయేవాడు. పాత దుప్పటి చింపి తొడుగులు కుట్టి ఇచ్చాను నేనే. తిరిగే చక్రం దగ్గర పొట్టు తీయబోతే ఆ గుడ్డ పట్టుకుందట. ఒట్టి చెయ్యయితే చర్మం గీరుకుని ఊడొచ్చేది, గుడ్డ ఊడి రాలేదు." కాసేపు ఆగింది. "ఆఫీసువాళ్ళు రాసుకునేటప్పుడు కూడా మిషను తప్పన్నాడు. తొడుగుల మాట చెప్పలేదు. నాతోనూ ఎత్తలేదు, పోయేదాకా."

అని లేచి, చీకట్లో తులసికోట దాటి, షెడ్డులోకి వెళ్ళింది. మేకుకి తగిలించి ఉన్న తొడుగులు తీసుకుని వచ్చింది. మర్నాటికి అవి కత్తెరతో కోసి, వంటింట్లో మసిగుడ్డలయ్యాయి. ఇప్పటికీ నేను పప్పుగిన్నె దించేది వాటితోనే.

ఆ రాత్రి మావారు అన్నం తిని చాలాసేపు పెరట్లో కూర్చున్నారు. నేను పిలవలేదు. మిషను అమ్మేస్తారేమోననుకున్నాను. పొద్దున్నే అత్తగారే అంది. "నీకు పని చెప్పే పెద్దాయన ఒకడున్నాడన్నావే, ఆయన్ని రమ్మను. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని చెయ్యి. బిళ్ళ పండక్కి కావాలి."

ఆ పెద్దాయన రిటైరైన టర్నరు. డెబ్బై దాటాయి. మావారు ఆయన్ని ఉస్తాద్ అంటారు, ఆయన మావారిని సాబ్ అంటాడు. ఎవరికెవరు సాబో తెలియదు. వచ్చీరాగానే మావారి చేతి ఉంగరం తీయించాడు, పొడుగుచేతుల చొక్కా మోచేతి పైకి మడిపించాడు, చెప్పులు విప్పించి బూట్లు తొడిగించాడు. కళ్ళద్దాలు లేకుండా స్విచ్చి ముట్టుకోవద్దన్నాడు. చక్‌ని బిగించే తాళంచెవి ఒకటుంటుంది. దాన్ని చక్‌లోనే మర్చిపోయి మోటారు వేస్తే తుపాకీ గుండులా వచ్చి కొడుతుందట. బిగించాక అది చేతిలోకి వచ్చిందాకా స్విచ్చి వైపు చూడొద్దన్నాడు. "రాణీగంజ్‌లో అన్నీ దొరుకుతయి సాబ్. వేళ్ళు దొరకవు" అన్నాడు. నేను కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, నా కొంగునీ, జడనీ, గాజుల్నీ వరసగా చూసి, "అమ్మా, అక్కడే" అన్నాడు. ఆడవాళ్ళని అందంగా చూపించేవన్నీ ఆ మిషనుకి కూడా మహా ఇష్టమన్నమాట.

ఇత్తడి పలక చూసి పక్కన పెట్టేశాడు. సులువుగా కోతపడే ఇత్తడిలో నూటికి రెండు మూడు పాళ్ళ సీసం కలుపుతారట. గడియలకీ, మరలకీ బావుంటుంది, పిండివంటకి పనికిరాదు. ఇత్తడి గిన్నెలకి కళాయి పూయించిన మనవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. స్టెయిన్‌లెస్ స్టీలే మంచిదన్నాడు. దానిదీ ఒక పెంకితనం. బెజ్జం వేస్తూ మధ్యలో జంకి ఆగితే, రాపిడికి ఆ చోటే బిగుసుకుపోయి ఇక బిట్టు దిగదు. నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో, చమురు పోస్తూ, ఆగకుండా వెళ్ళాలి. మా అమ్మాయిచేత అన్నం తినిపించిన రోజులు గుర్తొచ్చాయి నాకు.

గుండ్రని బిళ్ళ గంటలో వచ్చింది. చుక్క బెజ్జం దగ్గరొచ్చింది తంటా. లేత్‌కి తెలిసింది గుండ్రమే, మూలలు దానికి తెలియవు. చుక్క ఆకారంలో ఉక్కు పోగరు చేసి బెజ్జంలోంచి నెట్టాలని మావారి ఎత్తు. ఆ ఉక్కు ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచగానే టప్పున చిట్లింది. దాని పేరు ఓ.హెచ్.ఎన్.ఎస్. అట. "అందులో మొదటి అక్షరమే ఆయిలు సాబ్" అన్నాడు ఉస్తాద్. రెండోదాన్ని నా వేరుశనగ నూనెలో ముంచారు. వీధి చివరిదాకా పకోడీల వాసన.

అలా ముంచిన ఉక్కు మరీ పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్ళీ కాస్త వేడిచేసి పెళుసు తగ్గించాలి. అందుకు నా దోసెల పెనం వచ్చింది. పెనం మీద ఇసుక పోసి, మధ్యలో మెరిసే ఉక్కుని పెట్టి, సన్నసెగన ఉంచారు. వేడెక్కుతున్నకొద్దీ ఉక్కు రంగు మారుతుంది. మొదట లేత గడ్డిరంగు, తర్వాత ముదురు గడ్డిరంగు, ఆపైన గోధుమ, ఊదా, చివరికి నెమలికంఠం నీలం. గడ్డిరంగు దగ్గర దించాలి. దాటితే మెత్తబడుతుంది. మావారు ఫోనులో రంగుల పట్టిక పట్టుకుని దానివంకా దీనివంకా చూస్తున్నారు. అత్తగారు ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి, "ఇంకా కాలేదు... ఇంకొంచెం... ఆఁ, దించు!" అంది. ఉస్తాద్ తలూపాడు. యాభై ఏళ్ళుగా తీగపాకం, ఉండపాకం కంటితోనే చూసి దించిన మనిషికి రంగుల పట్టిక ఎందుకు?

అంత చేసీ ఆ పోగరు మూడో నెట్టుడికే మొన విరిగిందనుకోండి. అది వేరే సంగతి.

ఇక మిగిలింది ఆకురాయి. మూడుపలకల సన్న ఆకురాయితో, బ్యాంకునుంచి వచ్చాక రోజూ గంట. స్టీలు తరగదు, ఆకురాయే అరుగుతుంది. మూడు అరిగాయి. విసుక్కుంటే అత్తగారు, "మీ నాన్న పనిలో చేరిన ఆర్నెల్లూ మిషను ముట్టనివ్వలేదుట. ఆకురాయే" అంది. తండ్రి పని గురించి ఆవిడ కొడుక్కి చెప్పడం ఆ రోజుల్లోనే విన్నాను. ఆయన ఉలి పదునుపెట్టి గోటిమీద గీసి చూసుకునేవాడట. నెలకి రెండు జతల బనీన్లు నూనెమరకలతో పోయేవిట. జీతంరోజున చక్రాన్ని కళ్ళకద్దుకుని వచ్చేవాడట. ఒక్కో సాయంత్రం ఒక్కో ముక్క, ఆకురాయి చప్పుడు మధ్యన.

బిళ్ళ తయారయ్యేముందు అంచు ఇంకోసారి కోశారు. అప్పుడు కొలిస్తే సరిగ్గా ఉంది. కాఫీ తాగి వచ్చి కొలిస్తే నూరింట అయిదు పాళ్ళు చిన్నదైపోయింది. కోతకి వేడెక్కి ఉబ్బిన స్టీలు చల్లారి ముడుచుకుంది. మావారు తల పట్టుకున్నారు. మళ్ళీ కొత్తది మొదలుపెడతానన్నారు. ఉస్తాద్ ఆ జంతికల గొట్టం అందుకుని అటూ ఇటూ కొలిచి చూశాడు. కంచరి చేసిన గొట్టం అసలు గుండ్రమే కాదు, ఒకవైపుకంటే ఇంకోవైపు అర మిల్లీమీటరు ఎక్కువ. "ఇందులో వెంట్రుక లెక్క ఎందుకు సాబ్!" అన్నాడు. "పిండికి ఆ సందు కనబడదురా" అంది అత్తగారు.

2023 సంక్రాంతికి ముందురోజు, భోగినాడు, పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఆవిడే జంతికలు వత్తింది. చేతులు వణుకుతాయి కాబట్టి గొట్టం నొక్కడానికి కొడుకుని పిలిచింది. కుట్లు పడ్డ చెయ్యి కిందా, ఆవిడ చెయ్యి పైనా వేసి నొక్కారు. చుక్కకి అయిదు మొనలుండాలి, ఒకటి కాస్త మొద్దుబారింది. అందుకని జంతిక వంటి మీద ఒక గీత మిగతావాటికంటే లావుగా వచ్చింది. మావారు అది చూసి, "బిళ్ళ ఇలా ఇయ్యమ్మా, ఆ మూల సరిచేసి తెస్తాను" అన్నారు. ఆవిడ ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. కడిగి, తుడిచి, తన పెట్టెలో పెట్టుకుంటుంది. ఈసారి సున్నాలకి పోదు లెండి.

ఇప్పుడు మావారు నాకోసం కత్తిపీట మర చేస్తున్నారు, ఎనిమిది నెలలుగా. సాయంత్రం మోటారు చప్పుడు వినబడితే అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళదు. షెడ్డు గుమ్మం బయట, కరివేపాకు చెట్టు కింద, కుర్చీ వేయించుకుని కూరలు తరుగుతూ కూర్చుంటుంది. ఆయన చక్ బిగించి స్విచ్చి దగ్గరికి వెళ్ళగానే, చేతిలో పని ఆపకుండానే "తాళంచెవి?" అంటుంది. యాభై దాటిన బ్యాంకు మేనేజరు వెనక్కి తిరిగి తాళంచెవి పైకెత్తి చూపించాలి. "ఉంగరం?" అంటుంది. ఒట్టి వేళ్ళు విప్పి చూపించాలి. ఆవిడ లెక్కపెట్టుకున్నట్టు చూసి, "సరే, వెయ్యి" అంటుంది.